పసుపు చెప్పే మాట

తెల్లచొక్కా మీద కూర మరక పడుతుంది. ఆ మరక పసుపుపచ్చగా ఉంటుంది. సబ్బు పెట్టి రుద్దితే పోవాలి కదా? పోకపోగా ఎర్రగా మారుతుంది. "అయ్యో, బట్ట పాడైపోయింది" అని కంగారు పడతారు కొందరు. ఇంకో రెండుసార్లు నీళ్ళలో జాడిస్తే ఎరుపు పోతుంది. మళ్ళీ పసుపు రంగే కనిపిస్తుంది.

పెళ్ళికూతురి కాళ్ళకు పారాణి పెడతారు. పారాణి ఎట్లా చేస్తారు? పసుపులో సున్నం కలుపుతారు. దిష్టి తీసే ఎర్రనీళ్ళు కూడా అంతే. పసుపు ఎర్రది కాదు. సున్నం ఎర్రది కాదు. రెండూ కలిస్తే ఎరుపు ఎక్కడి నుంచి వచ్చింది?

ఈ చిన్న ప్రశ్నకు జవాబు తెలిస్తే వంటింట్లో చాలా సంగతులు తెలుస్తాయి. కొన్ని ప్రమాదాలు కూడా తప్పుతాయి.

కొత్తది పుట్టడం

బియ్యం దంచితే పిండి అవుతుంది. రూపు మారింది గాని, అది బియ్యమే. ఉప్పు నీళ్ళలో కరిగిపోతుంది. నీళ్ళు ఎండిపోతే ఉప్పు మళ్ళీ మిగులుతుంది. ఉప్పు మడుల్లో జరిగేది ఇదే. ఇక్కడ కొత్త పదార్థం ఏదీ పుట్టలేదు.

పాలు తోడు పెడితే పెరుగు అవుతుంది. కట్టె కాలితే బూడిద, పొగ మిగులుతాయి. గునపం వానలో వదిలేస్తే తుప్పు పడుతుంది. పెరుగుకు పాల రుచి లేదు. తుప్పుకు ఇనుము గట్టితనం లేదు. పాత గుణం పోయి, కొత్త గుణమున్న పదార్థం పుట్టింది. ఇట్లా కొత్తది పుట్టడాన్ని రసాయన చర్య అంటారు.

రసాయనం అనగానే విషం అనుకోనక్కర్లేదు. నీళ్ళు రసాయనమే. ఉప్పు, చక్కెర, సున్నం, సబ్బు అన్నీ రసాయనాలే. ఏది దేనితో కలిస్తే ఏమవుతుందో తెలియాలి. ఎంత వాడాలో తెలియాలి. అసలు సంగతి అదే.

పసుపులో కుర్కుమిన్ అనే రంగు పదార్థం ఉంది. సున్నంగాని సబ్బుగాని తగిలితే దాని రూపు మారి ఎరుపు వస్తుంది. ఆ ఎరుపు మీద చింతపండు రసం నాలుగు చుక్కలు వేస్తే మళ్ళీ పసుపుపచ్చ అవుతుంది.

రెండు కుటుంబాలు

పసుపు ఈ విధంగా వంటింటి వస్తువులను రెండు కుటుంబాలుగా విడదీసి చూపిస్తుంది.

ఒకటి పులుపు కుటుంబం. చింతపండు, నిమ్మకాయ, మామిడికాయ, పెరుగు ఈ కుటుంబంలోవి. వీటికి ఆమ్లాలు అని పేరు. ఇవి తగిలితే పసుపు రంగు మారదు.

రెండోది క్షారం కుటుంబం. సున్నం, బట్టల సబ్బు, బట్టల సోడా, కట్టెల బూడిద నీళ్ళు ఇందులోవి. ఇవి తగిలితే పసుపు ఎర్రబడుతుంది. క్షారం చేతికి జారుడుగా తగులుతుంది. సబ్బు జారుతుంది కదా, అట్లా. సబ్బులు లేని రోజుల్లో చౌడుమట్టితో బట్టలు ఉతికేవాళ్ళు. బూడిదతో అంట్లు తోమేవాళ్ళు. చౌడులో, బూడిదలో ఉన్న క్షారమే ఆ జిడ్డును, మురికిని వదలగొట్టేది.

ఈ రెండు కుటుంబాలకు పొసగదు. రెండూ కలిస్తే ఒకదాని బలాన్ని ఇంకొకటి తగ్గిస్తుంది. కలిసేటప్పుడు కొన్నిసార్లు వేడి పుడుతుంది. కొన్నిసార్లు గాలి పుడుతుంది.

పుల్లటి పెరుగు కలిపిన పిండిలో చిటికెడు వంటసోడా వేస్తే పిండి పొంగుతుంది. సన్నటి బుడగలు వస్తాయి. పులుపు, సోడా కలిసి పుట్టిన గాలి అది. దాని పేరు బొగ్గుపులుసు వాయువు. కార్బన్ డయాక్సైడ్ అన్నా ఇదే. ఈ గాలి వల్లే పునుగులు గుల్లగా వస్తాయి. ఇడ్లీపిండి రాత్రంతా పులిసినప్పుడు పుట్టేదీ ఈ గాలే. అయితే అక్కడ సోడా లేదు. కంటికి కనిపించని సూక్ష్మజీవులు ఆ పని చేస్తాయి.

"పప్పు ఉడకట్లేదు, ఇంత సోడా వెయ్యి" అంటుంది అత్త. సోడా వేస్తే పప్పు తొందరగా ఉడికే మాట నిజమే. కానీ పప్పులో ఉండే ఒక బి విటమిన్‌ను సోడా పాడుచేస్తుంది. పప్పును ముందే నానబెడితే మంచిది. సోడా అక్కర్లేదు, కట్టెలూ ఆదా అవుతాయి.

పులుపు, పాత్రలు

ఇత్తడి బిందె నల్లబడితే చింతపండుతో తోముతారు. బిందె తళతళలాడుతుంది. చింతపండులోని ఆమ్లం పైన పట్టిన కిలుమును కరిగించి తీసేస్తుంది.

అదే చింతపండుతో ఇత్తడి గిన్నెలో పులుసు కాస్తే ఏమవుతుంది? ఆమ్లం తన పని తాను చేస్తుంది. ఇత్తడిలో రాగి ఉంది. ఆ రాగి కొంచెం కొంచెం పులుసులో కరుగుతుంది. ఆ పులుసు తిన్నవాళ్ళకు కడుపునొప్పి, వాంతులు రావచ్చు. ఇత్తడి గిన్నెలో పెరుగు ఉంచితే కిలుమెక్కేది కూడా ఇందుకే.

పూర్వం ఇత్తడి గిన్నెలకు లోపల కళాయి పూయించేవాళ్ళు. కళాయి అంటే తగరం పూత. పులుపుకూ ఇత్తడికీ మధ్య తగరం అడ్డుగోడలాగా నిలుస్తుంది. కళాయి పోయిన గిన్నెలో పులుపు వండకూడదని పెద్దవాళ్ళు చెప్పేవాళ్ళు. ఆ మాటకు కారణం ఇదే.

సత్తు గిన్నె సంగతీ అంతే. పులుసు రాత్రంతా అందులో ఉంచితే గిన్నె లోపల గరుకు తేలుతుంది. ఊరగాయలో పులుపూ ఉంది, ఉప్పూ ఉంది. అది సత్తుగిన్నెలో ఉంచదగింది కాదు. దానికి జాడీగాని, గాజు సీసాగాని మంచిది. ఈ రెంటినీ పులుపు ఏమీ చేయలేదు.

మరి ఇనుప మూకుడు? అందులో గోంగూర వండితే ఇనుము కొంచెం కూరలో కలుస్తుంది. కూర నల్లబడుతుంది. కానీ ఇక్కడ నష్టం లేదు, లాభమే. ఒంట్లో రక్తం పట్టడానికి ఇనుము కావాలి. రక్తం తక్కువగా ఉన్న ఆడవాళ్ళు మన ఊళ్ళల్లో చాలామంది. ఇనుప మూకుట్లో వండిన కూర వాళ్ళకు మేలు చేస్తుంది. వండిన వెంటనే వేరే గిన్నెలోకి తీసుకుంటే చాలు.

చర్య ఒకటే. పులుపు లోహాన్ని కరిగించడం. రాగి విషయంలో అది కీడు, ఇనుము విషయంలో మేలు.

రాయి సున్నమైతే

సున్నం ముందు రాయి. పల్నాడులోని పిడుగురాళ్ళ సున్నం బట్టీలకు పేరు పొందిన ఊరు. బట్టీలో సున్నపురాయిని బొగ్గుతో కలిపి కాలుస్తారు. ఆ వేడి సుమారు 900 డిగ్రీలు ఉంటుంది. నీళ్ళు మరగడానికి 100 డిగ్రీలు చాలు. దీన్నిబట్టి ఆ వేడి ఎంతో ఊహించుకోవచ్చు.

స్వచ్ఛమైన సున్నపురాయి 100 కిలోలు కాలిస్తే 56 కిలోల సున్నం మిగులుతుంది. మిగతా 44 కిలోలు ఏమైనట్టు? ఎవరూ ఎత్తుకుపోలేదు. రాయిలో ఇమిడి ఉన్న బొగ్గుపులుసు వాయువు బయటికి వెళ్ళిపోయింది.

కాల్చిన సున్నపు గడ్డల మీద నీళ్ళు పోస్తే బుస్సుమంటాయి. ఆవిరి లేస్తుంది. పొయ్యి లేదు, నిప్పు లేదు. అయినా నీళ్ళు కుతకుత ఉడుకుతాయి. సున్నం, నీరు కలిసే చర్యలో పుట్టిన వేడి అది.

ఆ సున్నాన్ని గోడకు వేస్తారు. గోడ ఆరుతుంది. గోడ మీది సున్నం గాలిలోని బొగ్గుపులుసు వాయువును మెల్లగా తిరిగి పీల్చుకుంటుంది. పీల్చుకుని మళ్ళీ రాయిలాగా గట్టిపడుతుంది. బట్టీలో పోగొట్టుకున్నదాన్ని గోడ మీద తిరిగి సంపాదించుకుంటుంది.

కంట్లో సున్నం పడితే

సున్నం ఘాటైన క్షారం. తాంబూలంలో చూపుడువేలితో రాసుకునేంత మాత్రమే వాడతారు. ఎక్కువైతే నోరు పొక్కుతుంది. అట్లాంటిది కంట్లో పడితే?

పిల్లలు సున్నం డబ్బాతో, సున్నం పొట్లంతో ఆడుకుంటారు. గట్టిగా నొక్కితే పొట్లం పగిలి సున్నం కంట్లోకి చిమ్ముతుంది. ఇట్లా చూపు పోగొట్టుకున్న పిల్లలు ఉన్నారు. క్షారం కంటి పై పొరతో ఆగదు. లోపలికి దిగుతూ పోతుంది. అందుకే ప్రతి నిమిషమూ విలువైనదే.

అప్పుడు చేయాల్సింది ఒక్కటే. వెంటనే శుభ్రమైన నీళ్ళతో కడగాలి. రెప్పలు విప్పి పట్టుకుని ధారగా నీళ్ళు పోయాలి. కనీసం 20 నిమిషాలు ఆపకుండా పోయాలి. ఆ తర్వాత కంటి డాక్టరు దగ్గరికి తీసుకుపోవాలి. కడగకుండా ముందే ఆసుపత్రికి పరుగెత్తితే దారిలోనే కన్ను కాలిపోతుంది.

"పులుపు క్షారాన్ని తగ్గిస్తుంది కదా, నిమ్మరసం పిండితే సరి" అని ఎవరైనా అనవచ్చు. అది చాలా తప్పు. గిన్నెలో పనికొచ్చే లెక్క కంట్లో పనికిరాదు. నిమ్మరసం కంటికి ఇంకో గాయం చేస్తుంది. పాలు, నూనె, పసరు ఏదీ వేయకూడదు. నీళ్ళే మందు.

యాసిడ్, బ్లీచింగ్ పౌడరు

బాత్రూములు కడిగే యాసిడ్ పులుపు కుటుంబంలోదే. దాని పేరు హైడ్రోక్లోరిక్ యాసిడ్. అన్నం అరగడానికి మనిషి కడుపులో ఊరేది కూడా ఈ యాసిడే. కాకపోతే అది పలచన. సీసాలోది ఘాటు. బకెట్టుకు పట్టిన తెల్లటి గార దీనితో నురగలు కక్కుతూ కరిగిపోతుంది. ఆ గార సున్నపురాయి జాతిదే. చర్మం మీద పడితే చర్మాన్నీ ఇది కాలుస్తుంది. పడిన వెంటనే, ఆలస్యం చేయకుండా నీళ్ళు ధారగా పోస్తూ కడగాలి.

ఆడవాళ్ళ మీద యాసిడ్ దాడులు జరిగాయి. అందువల్ల 2013లో సుప్రీంకోర్టు యాసిడ్ అమ్మకాల మీద కట్టుబాట్లు పెట్టింది. కొనేవాళ్ళ గుర్తింపు కార్డు చూడాలి. పేరు, చిరునామా రిజిస్టరులో రాయాలి. 18 ఏళ్ళు నిండనివాళ్ళకు అమ్మకూడదు. యాసిడ్ ఎట్లాంటి వస్తువో ఈ కట్టుబాట్లే చెబుతాయి.

బ్లీచింగ్ పౌడరు సున్నానికి పుట్టిన బిడ్డ. నీళ్ళు కలిపిన సున్నంలోకి క్లోరిన్ అనే వాయువును ఎక్కిస్తే ఈ పొడి తయారవుతుంది. 1799లో స్కాట్లండు దేశంలో చార్లెస్ టెన్నంట్ అనే ఆయన దీన్ని తయారుచేసే పద్ధతికి హక్కు పొందాడు. మొదట బట్టలు తెల్లబరచడానికి వాడారు. తర్వాత నీళ్ళలోని రోగక్రిములను చంపడానికి వాడుతున్నారు.

మంచి బ్లీచింగ్ పౌడరైతే 1000 లీటర్ల నీటికి 2.5 గ్రాములు చాలు. నీళ్ళు బాగా మురికిగా ఉంటే ఇంకాస్త కావాలి. పొడిని ముందు బకెట్టు నీళ్ళలో కలిపి తేరనిస్తారు. పైన తేరిన నీళ్ళను బావిలో పోస్తారు. అడుగున పేరుకున్నది సున్నం. దాన్ని పారేస్తారు. గంటసేపు ఆగిన తర్వాత నీళ్ళు తోడుకోవచ్చు. మూత తీసి ఉంచితే పౌడరులోని క్లోరిన్ పోతుంది. వాసన లేని పౌడరు ఎంత వేసినా లాభం తక్కువ.

ఇప్పుడు అసలు ప్రమాదం. "యాసిడ్ కొంత, బ్లీచింగ్ కొంత కలిపి పోస్తే దొడ్డి ఇంకా తెల్లగా వస్తుంది" అనుకునేవాళ్ళు ఉన్నారు. ఈ రెండూ ఎప్పుడూ కలపకూడదు. సున్నంలో పట్టి ఉంచిన క్లోరిన్‌ను యాసిడ్ ఒక్కసారిగా బయటికి తోలేస్తుంది. అది విషవాయువు. కళ్ళు మండుతాయి. దగ్గు ఆగదు. ఊపిరి అందదు. మొదటి ప్రపంచ యుద్ధంలో, 1915లో, జర్మన్ సైన్యం శత్రువుల మీదికి ఈ వాయువునే వదిలింది. వేలమంది సైనికులు గిలగిల్లాడిపోయారు. యుద్ధంలో వాడిన ఆ విషం తలుపు వేసిన చిన్న బాత్రూములో పుడితే ఏమవుతుంది?

పొరపాటున కలిస్తే అక్కడ నిలబడకూడదు. తలుపులు బార్లా తీసి బయటికి, గాలిలోకి రావాలి. ఊపిరి కష్టంగా ఉంటే 108కి ఫోన్ చేయాలి. ఒకరోజు బ్లీచింగ్ వాడితే నీళ్ళు బాగా కొట్టి, పూర్తిగా కడిగేయాలి. యాసిడ్ ఇంకో రోజు వాడుకోవాలి.

పసుపు చెప్పలేనిది

పసుపు చాలా చెప్పింది. కానీ అన్నీ చెప్పలేదు. చింతపండు రసం వేసినా పసుపు పసుపుగానే ఉంటుంది. యాసిడ్ వేసినా పసుపుగానే ఉంటుంది. ఒకటి చారులోది, ఒకటి పేగులు కాల్చేది. ఆ తేడా పసుపుకు తెలియదు. కిరసనాయిలు వేసినా రంగు మారదు. యాసిడ్ నీళ్ళలాగే కనిపిస్తుంది. రంగు చూసి నమ్మడానికి లేదు. రుచి చూసి తెలుసుకోవడం ప్రాణం మీదికి తెస్తుంది.

అక్కడ పనికొచ్చేది అక్షరం. సీసా మీది కాగితం చదవాలి. పేరేంటి? ఎంత వాడాలి? దేనితో కలపకూడదు? కాగితం చిరిగిపోయిన సీసాను ఇంట్లో ఉంచకూడదు.

పురుగుమందు డబ్బా మీద గాలిపటం ఆకారంలో ఒక గుర్తు ఉంటుంది. దాని కింది సగంలో రంగు ఉంటుంది. ఎరుపు ఉంటే అన్నిటికన్నా ఘోరమైన విషం. దాని మీద పుర్రె బొమ్మ కూడా ఉంటుంది. ఎరుపు తర్వాత పసుపు, ఆ తర్వాత నీలం, ఆఖరున ఆకుపచ్చ. ఆకుపచ్చ అంటే మంచిదని కాదు. విషం తక్కువని మాత్రమే.

కూల్‌డ్రింకు సీసాలో కిరసనాయిలుగాని, యాసిడ్‌గాని, పురుగుమందుగాని పోసి పెట్టకూడదు. పిల్లవాడికి సీసా తెలుసు, లోపలిది తెలియదు. దాహమేసి ఎత్తి తాగేస్తాడు. తాగితే వాంతి చేయించకూడదు. కాల్చుకుంటూ లోపలికి పోయిన యాసిడ్ పైకి వచ్చేటప్పుడు మళ్ళీ కాలుస్తుంది. కిరసనాయిలైతే ఊపిరితిత్తుల్లోకి పోతుంది. విరుగుడని నిమ్మరసం, సోడా పోయకూడదు. వెంటనే ఆసుపత్రికి తీసుకుపోవాలి. ఆ సీసాను కూడా వెంట తీసుకుపోవాలి. ఏం తాగాడో తెలిస్తే డాక్టరుకు వైద్యం సులువవుతుంది.

వంటసోడా తెల్లన. బట్టల సోడా తెల్లన. సున్నం తెల్లన. బ్లీచింగ్ పౌడరూ తెల్లనే. నాలుగు డబ్బాలు ఒకేచోట ఉంటే కరెంటు పోయిన రాత్రి ఏది ఏదో ఎట్లా తెలుస్తుంది? వంటసోడా ఒక్కటే వంటింట్లో ఉండాలి. మిగతావి వేరేచోట, పిల్లలకు అందని ఎత్తున ఉండాలి. ప్రతి డబ్బా మీద పేరు రాసి అంటించాలి. దానికి ఇంకెవరో రావక్కర్లేదు. అక్షరాలు నేర్చిన ఇల్లాలి చెయ్యి చాలు.

చేసి చూడండి

1. తెల్లకాగితం మీద తడి పసుపు పూసి ఆరబెట్టండి. ముక్కలుగా కత్తిరించండి. ఒక్కో ముక్క మీద సబ్బునీళ్ళు, నిమ్మరసం, బూడిద తేరిన నీళ్ళు, మజ్జిగ చుక్క చుక్క వేయండి. ఏది ఎర్రబడిందో రాయండి. యాసిడ్‌తో మాత్రం చేయవద్దు.

2. ఎర్రబడిన ముక్క మీద చింతపండు రసం వేయండి. ఏమైంది?

3. ఇంట్లో పేరు లేని సీసాలు, డబ్బాలు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టండి. లోపల ఏముందో తెలిసినవాటికి ఈరోజే పేరు రాసి అంటించండి. తెలియనివాటిని మూత తీసి వాసన చూడవద్దు. పిల్లలకు అందకుండా పక్కన పెట్టి, పెద్దవాళ్ళను అడగండి.

4. కంట్లో సున్నం పడితే ఏం చేయాలో పక్కింటివాళ్ళకు చెప్పండి.